కందిన ముఖము

ముఖమును గూర్చి మన తెలుగువారికి ఉన్నన్ని మాటలు మరి దేనిని గూర్చియు లేవేమో. సిగ్గుపడినవాని ముఖము ఎర్రబడును. కోపించినవాని ముఖము జేవురించును, లేదా కందగడ్డవలె అగును. అవమానము పొందినవాని ముఖము చిన్నబోవును. భయపడినవాని ముఖము పాలిపోవును. ఏమియు తోచనివాడు తెల్లమొగము వేయును. ముఖము చూచినంతమాత్రమున లోపలి సంగతి తెలిసిపోవునని మన నమ్మకము గనుకనే ఇన్ని మాటలు పుట్టినవి. ఆ నమ్మకము చాలవరకు సరియైనదే. అయితే కోపము లేకయే జేవురించు ముఖములును, సిగ్గు లేకయే కందిపోవు ముఖములును కొన్ని గలవు. వానిలో నాదొకటి. తొమ్మిది సంవత్సరములుగా ఈ ముఖముతోనే ఉప్పల్, నాచారము ప్రాంతములలో ఇండ్లు దర్శించుచు, ఆదివారమున ప్రసంగపీఠమెక్కుచు నున్నాను.

నా నలుబది యేడవ యేట ఇది ఆరంభమాయెను. ఏప్రిల్ మాసములో ఉప్పల్ చౌరస్తా దగ్గర బస్సు కొరకు కొంతసేపు నిలిచినచో చెంపలును ముక్కును వేడెక్కి మండెడివి. మొదట నీడకు పోగానే తగ్గెడిది. మరుసటి వేసవిలో గంటలకొలది నిలిచెను. ఆ తరువాత చలికాలములో సహితము పోవుట మానెను. ముక్కు ప్రక్కల సన్నని దారములవంటి రక్తనాళములు, చెంపలమీద మొటిమలవంటి పొక్కులు వచ్చెను. కన్నులలో ఇసుక పడినట్లుండెను. ఇంటివారు, ఎండలో తిరిగి నల్లబడితిరనిరి. అది వారి తప్పు గాదు. తెల్లని చర్మముమీద గులాబివలె కనబడు ఈ ఎరుపు మనవంటి చామనచాయమీద రాగిరంగుగానో, కమిలిన నలుపుగానో కనబడును. చూచువానికి తెలియదు, మండువానికే తెలియును.

చర్మవైద్యురాలు ఒక చిన్న గాజుబిళ్లను నా చెంపమీద అదిమి చూచెను. అదిమినప్పుడు రంగు మాయమై, తీయగానే తిరిగి వచ్చెను. అది ఎండ వలని నలుపు గాదు, నాళములలోని రక్తమేయని దాని వలన తేలినది. ఈ వ్యాధిని రోజేషియా అందురు. ఇది అంటువ్యాధి కాదు. దీనికి ఒకే కారణమనియు లేదు. ముఖములోని నరములును రక్తనాళములును చిన్న కారణమునకే రేగుట, శరీర రక్షణ వ్యవస్థ అతిగా ప్రవర్తించుట, అందరి చర్మముమీదను నివసించు డెమోడెక్స్ అను కంటికి కనబడని పురుగు వీరి ముఖముపై మితిమీరి పెరుగుట, ఇవన్నియు కలిసి పనిచేయును. పూర్తిగా నయమగునని ఏ వైద్యుడును మాట ఇయ్యడు, అదుపులో ఉంచవచ్చునని మాత్రము చెప్పుదురు. 2018లో అనేక దేశముల పరిశోధనలను కూర్చి లెక్కించినవారు పెద్దలలో నూటికి అయిదుగురికి పైగా ఇది ఉన్నదని తేల్చిరి. అయినను దీనిని చాలకాలము తెల్లవారి వ్యాధిగానే ఎంచిరి. చర్మపు రంగులను విభజించుటకు వైద్యులు వాడు కొలబద్దను అమెరికాలో ఫిట్జ్‌పాట్రిక్ అను వైద్యుడు 1975లో మొదలుపెట్టినప్పుడు అందులో ఉన్నవి తెల్లని చర్మపు రకములే. మనవంటివారి రకములను తరువాత చేర్చిరి. కొలబద్దలోనే చివర చేరినవారిని వైద్యుని కన్ను ఆలస్యముగా గుర్తించుటలో వింత లేదు.

కొందరు పురుషులకు ఈ వ్యాధి ముదిరి ముక్కు లావెక్కి బుడిపెలు కట్టును. అట్టి ముక్కును మీరు చూడగోరినచో పారిస్ నగరములోని లూవ్ర్ మ్యూజియములో ఒక చిత్రమున్నది. ఇటలీ చిత్రకారుడు గిర్లాందాయో సుమారు 1490లో వేసినది. ఒక ముసలి తాతయు, ఆయన ఒడిచెంత ఒక మనుమడును. తాత ముక్కు అంతయు బుడిపెలే. చిత్రకారుడు దేనిని దాచలేదు. పిల్లవాడు తలయెత్తి ఆ ముఖమునే చూచుచున్నాడు. నేను పుస్తకములో అచ్చుబొమ్మను మాత్రమే చూచితిని, అయినను చాలసేపు చూచితిని.

వ్యాధి పేరు తెలియకమునుపు నన్ను పట్టిన భయము వేరు. మా పెద్దలు నిజామాబాదు వైపువారు. అక్కడ డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు 1915లో తెరచిన కుష్ఠరోగుల ఆసుపత్రి పేరు వినుచు పెరిగినవారికి, ముఖము ఎర్రబారి మెరిసినదంటే మొదట తోచు పేరు ఒక్కటే. మా అమ్మమ్మ ఎవరి ముఖమైనను అట్లు కనబడినచో వారి చెవి తమ్మెలవైపు చూచెడిది. నేనును అద్దములో నా చెవి తమ్మెలను చూచుకొంటిని. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేసిన నాటినుండి అది నయమగు వ్యాధియేయని నాకు తెలియును. తెలిసినను భయము లెక్కలు అడుగదు. వైద్యురాలు దూది వత్తితో నా చెంపను తాకి, "పాస్టరుగారూ, తెలియుచున్నదా?" అని అడిగెను. తెలియుటయా! ఆ దూది నాకు గరుకు గుడ్డవలె తోచెను. ఆమె నవ్వి, "అయితే ఆ భయము విడువుడి. ఆ వ్యాధిలో స్పర్శ పోవును. మీకు స్పర్శ ఎక్కువైనది" అనెను.

వెల్లూరు వైద్య కళాశాలలో 1946 నుండి పనిచేసిన పాల్ బ్రాండ్ వైద్యుని గూర్చి మీలో అనేకులు వినియుందురు. కుష్ఠరోగుల వ్రేళ్లు కేవలము రోగము తినివేయుట వలన గాక, నొప్పి తెలియక కాలుట, కోసికొనుట వలన పాడగుచున్నవని ఆయన కనిపెట్టెను. నొప్పి మనకొక బహుమానమని ఆయన వ్రాసెను. ఆయన చూచిన రోగులను బట్టి ఆ మాట యథార్థమే. అయినను నా చెంపల మంటను బహుమానమని పిలుచుటకు నాకు నోరు రాలేదు. దొంగను చూచి మొరుగు కుక్క యజమానికి మేలు చేయును. రాత్రియంతయు ఆకు కదలినప్పుడెల్ల మొరుగు కుక్క ఎవరిని కాచుచున్నది? ప్రసంగములో బాధ అంతటిని ఒకే గాటకు కట్టివేయుట మాబోటివారికి అలవాటు. ఈ వ్యాధి వచ్చిన తరువాత నేను రోగుల మంచము ప్రక్కన తక్కువ మాటలాడుచున్నాను.

ఆ కుక్క ఎందుకు మొరుగునో శాస్త్రజ్ఞులు కొంత కనుగొనిరి. అమెరికాలో డేవిడ్ జూలియస్ అను ఆయన 1997లో, మిరపకాయలోని ఘాటు మన నరములను ఏ ద్వారము గుండా తాకునో కనిపెట్టెను. తీరా చూడగా అధిక వేడి తాకు ద్వారమును అదియే. దానికి 2021లో ఆయనకు నోబెల్ బహుమానములో పాలు దక్కెను. రోజేషియా గలవారి చర్మములో ఈ జాతి ద్వారములు అధికముగా ఉన్నట్లు తరువాతి పరిశోధనలలో కనబడినది. మన భాష ఈ సంగతిని ముందే ఎరిగియుండినట్లున్నది. పొయ్యిలోనిదియు మంటయే, పచ్చిమిరప కొరికినప్పటిదియు మంటయే. ఆవకాయ తినుచు పెరిగినవానికి ఎండయు ఆవకాయయు ఒకే తలుపు తట్టునని వినుట అంత సంతోషకరమైన వార్త గాదు. ఇప్పుడు నా విస్తరిలో ఆవకాయ నఖమంత ఉండును. పూర్తిగా మానుమని వైద్యురాలు చెప్పలేదు గనుక నేనును అడుగలేదు.

దీనికన్న కష్టమైనది టీ. సంఘకాపరి ఒక దినమున ఆరు ఇండ్లు దర్శించినచో ఆరు టీలు. వద్దనినచో ఇంటామె ముఖము చిన్నబోవును, త్రాగినచో నా ముఖము కందును. 1981లో విల్కిన్ అను అమెరికా వైద్యుడు ఈ వ్యాధి గలవారిపై ఒక పరీక్ష చేసెను. 60 డిగ్రీల కాఫీ త్రాగినప్పుడు వారి ముఖములు ఎర్రబడెను. అంతే వేడిగల వట్టి నీళ్లు త్రాగినను ఎర్రబడెను. 22 డిగ్రీల చల్లని కాఫీ త్రాగినప్పుడు ఏమియు కాలేదు. దోషము కాఫీది గాదు, వేడిది. 2018లో అమెరికాలో 82 వేలకు పైగా నర్సులను గూర్చిన పరిశోధనలోనైతే కాఫీ ఎక్కువ త్రాగువారికే ఈ వ్యాధి తక్కువగా వచ్చినట్లు తేలెను. ఇది చదివిన దినమున నాకు కలిగిన నెమ్మది చెప్పనలవి కాదు. ఇప్పుడు ఏ ఇంటనైనను టీ పుచ్చుకొందును, గ్లాసు ప్రక్కన పెట్టి వారి కష్టసుఖములు విందును. టీ చల్లారువరకు కూర్చుండవలసి వచ్చుట చేత దర్శనములు పొడవైనవి. ముందు పది నిమిషములలో లేచిపోయిన ఇండ్లలో ఇప్పుడు అరగంట గడచుచున్నది.

ఒక సాయంకాలము సంఘపెద్ద ఒకరు నన్ను ప్రక్కకు పిలిచి, "అయ్యగారూ, ఒక మాట అడుగుత, తప్పు వట్టుకోవద్దు. మీ మొఖం జూసి కొందరు వేరే తీరు అనుకుంటున్నరు" అనెను. వేరే తీరు అనగా ఏమో అతడు చెప్పలేదు, నేను అడుగలేదు. మద్యము త్రాగువారికి ఈ వ్యాధి రేగునన్నది నిజమే, దానిని దాచుటెందుకు? కాని ఒక్క చుక్క ఎరుగని ఇంట పుట్టి పెరిగినవారికిని ఇది వచ్చును. మా సంఘమున ప్రభుభోజనపు ద్రాక్షరసము సహితము పులియనిదే. నేను జేబులోనుండి వైద్యురాలి చీటీ తీసి యిచ్చితిని. అతడు చదివి, మడచి, తిరిగి ఇచ్చి, "మరి గీ చీటీ అందరికి జూపలేం గదా అయ్యగారూ" అనెను. న్యాయమైన మాట.

ఆ రాత్రి నాకు షిలోహు మందిరము జ్ఞాపకము వచ్చెను. ఏలీ ద్వారబంధము దగ్గర కూర్చుండి హన్నా పెదవులు కదలుట చూచెను, స్వరము వినలేదు, త్రాగియున్నదని తలంచెను. ఎందరో త్రాగుబోతులను చూచిన వృద్ధుడు గనుకనే అట్లు పొరబడెను. అనుభవము లేనివాడైతే ఊరకుండెడివాడు. హన్నా దుఃఖమును గూర్చి ప్రసంగములు చాల ఉన్నవి. నాకు మాత్రము ఏలీ మీదను గౌరవమే. ఆమె తన సంగతి చెప్పగానే అతడు వాదించలేదు, ఆ క్షణమే మాట మార్చుకొని ఆశీర్వదించి పంపెను. అయితే ఆమె నోరు తెరచి చెప్పెను గనుక గదా అతనికి తెలిసినది?

కాబట్టి మరుసటి ఆదివారము ప్రకటనల సమయమున అయిదు నిమిషములు నా ముఖమును గూర్చియే చెప్పితిని. వ్యాధి పేరు, దాని లక్షణము, అది అంటదనియు, నేను త్రాగననియు చెప్పితిని. కొందరు తల వంచుకొనిరి, పిల్లలు మాత్రము ఆసక్తితో నా ముక్కువైపు చూచిరి. ఆ వారమంతయు ఇంటికి ఔషధములు వచ్చెను: పసుపు, గంధము, కలబంద, నిమ్మరసము, వేపాకు ముద్ద. యోబు స్నేహితులకన్న వీరు దయగలవారు, ఎవరును నన్ను నిందింపలేదు. అయితే ఇట్టి చర్మమునకు నిమ్మరసము నిప్పే, కలబందయు కొందరికి మంట పుట్టించును. నాకు పనికివచ్చినవి చాల సాదా సంగతులు. సబ్బు మానుట, గోరువెచ్చని నీళ్లు, జింకు ఆక్సైడు గల ఎండపూత, రాత్రివేళ మెట్రోనిడజోల్ జెల్, పొక్కులు హెచ్చినప్పుడు కొన్ని వారములు డాక్సీసైక్లిన్ మాత్ర. ఎండవేళ ఉప్పల్ నుండి హబ్సిగూడ వైపు నడచునప్పుడు 2017లో వచ్చిన మెట్రో రైలు స్తంభముల నీడను పట్టుకొని నడచుట నేర్చితిని.

ఆ అయిదు నిమిషముల మాట విని ఇద్దరు వచ్చిరి. ఒకడు నాచారములో బేకరీ పొయ్యి దగ్గర పనిచేయువాడు. పదకొండేండ్లుగా ముఖము మండుచున్నను ఎవరికిని చెప్పలేదట. వైద్యము మొదలుపెట్టి, యజమానిని బతిమాలి, పొయ్యి నుండి ప్యాకింగు బల్లకు మారెను. జీతము కొంత తగ్గినది.

రెండవది ఒక తల్లి, తన కుమార్తెను వెంటబెట్టుకొని వచ్చెను. ఆ పిల్ల నాచారము పారిశ్రామికవాడలో ఒక చిన్న కర్మాగారమున ప్యాకింగు పని చేయును. వయస్సు ఇరువది నాలుగు. పెండ్లి కుదిరి ఏడు వారములు గడువుండెను. ముఖము నిండ ఎరుపు, చెంపల చర్మము ఉల్లిపొరవలె పలుచనై లోపలి నాళములు కనబడుచుండెను. రంగు తేలుటకని ఎవరో చెప్పగా మందుల దుకాణములో ఒక ట్యూబు కొని ఎనిమిది నెలలుగా రాయుచున్నదట. మొదటి వారములో ముఖము నిగనిగలాడెను. ఇప్పుడు రెండు రాత్రులు మానినచో అగ్గి రాజుకొనినట్లు మండును, రాసినచో చల్లారును.

ఆమెను నా వైద్యురాలి యొద్దకు తీసికొని పోయితిమి. ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడు. అది రక్తనాళములను ముడుచుకొనునట్లు చేయును, వాపును అణచును. అందుచేత మొదట అందమిచ్చును. నెలల తరబడి రాసినచో చర్మము పలుచనగును, నాళములు సడలిపోవును, మానగానే అణగియున్నదంతయు ఒక్కసారి లేచును. ఇది రోజేషియాకు చెల్లెలివంటిది, కాని ఇంటనే తయారైనది. మన దేశమున ఇది ఎంత వ్యాపించినదనగా, 2011లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో 12 నగరముల చర్మవైద్యులు ముఖవ్యాధులతో వచ్చిన 2,926 మందిని పరీక్షింపగా 433 మంది స్టెరాయిడు పూతలు వాడుచుండిరి. వారిలో సగముకన్న ఎక్కువమందికి దానిని చెప్పినవారు వైద్యులే కారు. 2018లో కేంద్ర ప్రభుత్వము ఇట్టి పూతలు 14 రకములను వైద్యుని చీటీ లేక అమ్మరాదని కట్టడి చేసెను. చీటీ అడుగని దుకాణములు అంతమాత్రముచేత మాయము కాలేదు.

ఒక మాట ఇక్కడ చెప్పవలెను. మేము ఆ వైద్యురాలి యొద్దకు పోవు దారిలోనే, హబ్సిగూడలో, సీసీఎంబీ అను గొప్ప పరిశోధనాలయమున్నది. అక్కడి శాస్త్రజ్ఞులు ఎస్టోనియా దేశమువారితో కలిసి 2013లో మన ప్రజల చర్మపు రంగును గూర్చి ఒక పరిశోధన ప్రకటించిరి. ఒక జన్యువులోని ఒక్క అక్షరపు మార్పు మన రంగుల భేదములో గణనీయమైన భాగమునకు కారణమని చూపిరి. ఆ అక్షరమును ఏ ట్యూబును దిద్దలేదు. ప్రతి ఉదయమును కంపెనీ బస్సులో ఆ గోడ ప్రక్కనుండియే ఆ పిల్ల పనికి పోయెడిది.

వైద్యురాలు పూత ఆపవలెననియు, ముఖము కొన్ని వారములు, బహుశః నెలలు అధ్వాన్నముగా ఉండుననియు స్పష్టముగా చెప్పెను. తల్లి ఏడ్చెను. "పెండ్లి దాక రాసుకోనియ్యుండ్రి అయ్యగారూ, తర్వాత మానేస్తది. నలుగురు ఏమనుకుంటరు?" అని నన్ను బతిమాలెను. ఆమెను నేను తప్పుపట్టజాలను. ఆడపిల్ల తల్లికి నలుగురు అనునది వట్టి మాట గాదు. పిల్ల మాత్రము వైద్యురాలివైపే చూచుచు, "ఇప్పుడు మానకపోతే?" అని అడిగెను. ఎంత ఆలస్యమైన అంత కష్టమని ఆమె చెప్పెను. ఆ సాయంకాలమే పిల్ల ట్యూబును నా భార్య చేతికిచ్చి, "అమ్మగారూ, నేనడిగినా ఇయ్యకుండ్రి" అనెను. రెండుమారులు రాత్రివేళ వచ్చి అడిగెను. నా భార్య ఇయ్యలేదు, తడిగుడ్డ చెంపలకు అద్ది, ఇద్దరును మా వంటింటిలో కూర్చుండిరి.

వరునికి ఆమెయే ఫోనులో చెప్పెను. మూడవ దినమున వరుని మేనత్తయు మేనమామయు నా యొద్దకు వచ్చిరి. పిల్లకు ఏదో రోగమని విన్నాము, అంటునా, పుట్టబోవు పిల్లలకు వచ్చునా అని అడిగిరి. అంటదంటిని, అది పూత వలన వచ్చినది గాని వంశమున ఉన్నది గాదంటిని. మునుపటివలె అగునా అని మేనత్త అడిగెను. చాలవరకు నెమ్మదించును, అయితే ఏడాది పట్టవచ్చును, తరువాతను ఆ చర్మము సున్నితముగానే ఉండవచ్చునని వైద్యురాలు చెప్పినది చెప్పినట్లు చెప్పితిని. సంబంధము చెడిపోవునేమోయని ఆ మాట చెప్పుచున్నంతసేపు నాకు గుండె దడయే. వారు ఏమియు అనక లేచిపోయిరి. నాలుగు దినములు కబురు లేదు. తరువాత వరుడే ఒంటరిగా వచ్చి, పెండ్లి తేదీ మార్చనక్కరలేదని చెప్పి, కొంత సిగ్గుతో, తన మేనత్తయు అటువంటి పూతనే రాయుచున్నదనియు, మా వైద్యురాలి చిరునామా కావలెననియు అడిగెను.

పెండ్లి దినమున రేకుల పందిరి క్రింద వీడియో దీపముల వేడి అపారము. పెండ్లికూతురికి పౌడరు గాని రంగు గాని పెట్టనియ్యలేదు, మండును గనుక. ప్రమాణములు చెప్పించు వేళకు ఆమె ముఖమును నా ముఖమును ఒకే రంగున నుండెను. ముందు వరుసలోని పిల్లలు ఒకరినొకరు మోచేతితో పొడుచుకొని నవ్విరి. ఆమె చూచి తానును నవ్వెను. పాపము ఆ నవ్వుకే చెంపలు మండియుండును.

ఆ ఫోటోలను ఆమె ఇంతవరకు గోడకు తగిలింపలేదు, ఎవరైన అడిగినను చూపదు. ముఖము నెమ్మదించుటకు పదునాలుగు నెలలు పట్టెను. ఎండ తగిలినచో ఇప్పటికిని చెంపలు కందును. ఇప్పుడు రామంతాపూరులో కాపురమున్నది. మొన్న మార్చి నెలలో భర్త చేత నాకొక గొడుగు పంపెను, లోపల వెండిపూత గలది, మా వయస్సువారు పట్టుకొనుటకు కొంత ఆడంబరముగానే ఉన్నది. నాచారము దర్శనములకు దానినే పట్టుకొని పోవుచున్నాను.